బాబాగాడీలో అత్తమ్మ మూట

మా ఆయన జుమ్మేరాత్ బజారు పాత సామాన్ల సంత నుంచి ఆ బండిని తోసుకొచ్చిన రోజు నేను వాకిట్లోనే లొల్లి పెట్టుకున్నాను. చంటిపిల్లలను కూర్చోబెట్టి తిప్పే బండి అది. మా యాకుత్‌పురా గల్లీలో అందరూ దాన్ని బాబాగాడీ అనేవాళ్లు. ఇనుప చట్రం, పెద్ద పెద్ద చక్రాలు, పైన మడతపెట్టే నల్లటి గొడుగు. ఏ నవాబుగారి దేవిడీ బంగళా నుంచో వచ్చిందని అమ్మినవాడు చెప్పాడట. నవాబు మనవలు అందులో కూర్చున్నారో లేదో నాకు తెలియదు గానీ, మా గల్లీ మేకపిల్ల మాత్రం ఆ సాయంత్రమే ఎక్కి కూర్చుంది.

"ఇల్లు చూస్తే అగ్గిపెట్టె. గీ రథం యాడ పెడ్తవయ్యా?" అన్నాను.

"ఫికర్ చేయకు. విప్పి గోడకు తగిలేస్త," అన్నాడు. రైల్వేలో ఫిట్టరు. ఆయన విప్పలేనిది, బిగించలేనిది ఈ లోకంలో ఒక్కటే, నా నోరు.

మా అత్తమ్మ మాత్రం బండిని చూసి మురిసిపోయింది. చుట్టూ తిరిగింది, చక్రం పట్టి చూసింది, చీరకొంగుతో దుమ్ము తుడిచింది. ఆ తర్వాత ఒక ఆజ్ఞ వేసింది.

"ఖాళీ బండి నూకొద్దు. ఉయ్యాలైనా బండైనా ఒక్కటే. ఖాళీగ ఊపితే పిల్లకు కడుపు నొస్తది."

ఉత్త ఉయ్యాల ఊపకూడదని మా అమ్మ కూడా అనేది, కాదనను. కానీ బండిని వాకిట్లోంచి అరుగు దాకా జరపాలన్నా అందులో ఏదో ఒకటి వేయాలంటే ఎట్లా? ఒకరోజు చాట, ఒకరోజు నాలుగు వంకాయలు, ఏమీ దొరకకపోతే సన్నెకల్లు పొత్రం. "మా బండిల వంకాయలు షికారు పోతున్నయి సూడుండ్రి," అని నేను గల్లీ అంతా వినబడేట్టు ఎగతాళి చేసేదాన్ని. అట్లా అని అత్తమ్మ ఇంట్లో లేనప్పుడు ఖాళీ బండిని ఎప్పుడైనా జరిపానా అంటే, లేదు. నా బిడ్డ కడుపు కదా.

అత్తమ్మది భువనగిరి దగ్గర పల్లె. నా పురుడు పోయడానికి వచ్చింది. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది, కాబట్టి ఆ పని అత్తమ్మ మీదే పడింది. పురుడు అయ్యాక వెళతానంది. తర్వాత పాప మెడ నిలబడ్డాక వెళతానంది. తర్వాత బోర్లా పడ్డాక అంది. అట్లా పాప కూర్చునే దాకా వచ్చింది. ఊళ్లో ఆవిడకు రెండు బర్రెలు. వాటిని చెల్లెలికి అప్పజెప్పి వచ్చింది. వాటి పాలు అమ్ముకుని, ఎవరి ముందూ చేయి చాచకుండా, తన బతుకు తాను బతికే మనిషి. రోజుకు నాలుగుసార్లైనా బర్రెల మాట రావాల్సిందే. "నా బర్లు బక్కవడ్డయో ఏమో." "నా చెయ్యి లేకపోతే పెద్దది పాలు సేపది." ఆ పెద్ద బర్రెను నేను ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే దాని మీద పగబట్టాను.

అన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది ఆవిడ మూట. పాత దుప్పటిలో కట్టిన బట్టల మూట. మేకుకు వేలాడుతూ ఉండేది. పొద్దున ఒక చీర తీసేది, మళ్లీ ముడి వేసేది. సాయంత్రం ఆరిన చీర మడిచి పెట్టేది, మళ్లీ ముడి. "అల్మారల పెట్టుకోండ్రి అత్తమ్మా," అంటే, "పోయేదానికి అల్మార ఎందుకే," అనేది. వచ్చిన రోజు నుంచీ ఆ మూట ప్రయాణానికి సిద్ధంగానే ఉంది. వంట చేస్తున్నా, పాపకు పాలిస్తున్నా నా కన్ను దాని మీదే ఉండేది.

ఎందుకంటే నా సెలవు అయిపోయింది. నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును నేను. సెలవు మీద సెలవు పెట్టాను, చివరికి జీతం లేని సెలవు కూడా వాడేశాను. సోమవారం నాడు కుర్చీలో కూర్చోకపోతే ఆ కుర్చీ ఇంకొకరిదని పెద్దసారు తేల్చి చెప్పాడు. ఆ ఉద్యోగం నాకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మా నాన్న వద్దంటున్నా టైపు నేర్చుకుని, పరీక్ష రాసి తెచ్చుకున్నాను. అత్తమ్మ ఉంటే పాపను ఆవిడ ఒళ్లో పెట్టి నేను ఆఫీసుకు పోవచ్చు. ఆవిడ వెళ్లిపోతే ఉద్యోగం మానేయడమే. మధ్యదారి లేదు. పిల్లలను చూసే బడులు అప్పుడు మా వైపు ఎక్కడున్నాయి?

"మరి ఉండమని అడగొచ్చు గదా," అంటాడు మా ఆయన.

"నువ్వడుగు. నీ అవ్వనే గదా."

"నేనడిగితే కొడుకు కోసమని ఉంటది. కోడలు అడిగితే ఆ లెక్క వేరు."

ఆ లెక్క నాకు అర్థం కాలేదు. అన్నిటికీ లేచే నా నోరు ఆ ఒక్క మాటకు లేవలేదు. పైగా రోజూ మాకు యుద్ధమే. పాప తలకు ఆముదం రాయాలని ఆవిడ, కొబ్బరినూనె అని నేను. ఏడిస్తే వెంటనే ఎత్తుకోవాలని ఆవిడ, కొంచెం ఏడవనీ అని నేను. పొద్దున ఆముదం గిన్నె విసురుగా పక్కకు జరిపి, సాయంత్రం "మీరుంటే బాగుండు" అనడం ఎట్లా? ఒకరోజు పక్కింటావిడతో గోడ మీది నుంచి అత్తమ్మ అంటుంటే విన్నాను: "పిలవని పేరంటానికి పోవద్దు, ఉండమనని ఇంట్ల ఉండొద్దు. నేనైతే ఆదివారం మాపటి బస్సుకు పోతున్న." అది నాకు వేసిన సూది అనుకుని మూడు పూటలు మూతి ముడుచుకున్నాను.

శుక్రవారం నాకు ఒక ఉపాయం తట్టింది. ఇప్పుడు చెబుతుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు అది బ్రహ్మాండమైన ఉపాయం అనిపించింది. మా పట్నంలో ఒక మాట ఉంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు విడిచిపోరు అంటారు. మా ఆఫీసులో విజయవాడ నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఏటేటా బదిలీ పెట్టుకునేవాడు, ఏటేటా తనే రద్దు చేయించుకునేవాడు. అడిగితే, గండిపేట నీళ్లమ్మా అనేవాడు. అత్తమ్మను గండిపేట చెరువు దగ్గరికే తీసుకుపోయి, ఆ నీళ్లు చేత్తో ముంచి తాగిస్తే? నాకు నమ్మకం ఉందా అంటే లేదు. లేదని ఊరుకున్నానా అంటే, అదీ లేదు.

"ఆదివారం గండిపేట పోదాం. మీ అవ్వకు చెరువు సూపిచ్చినట్టు ఉంటది," అన్నాను మా ఆయనతో. అసలు సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. మంచి మనిషి. "ఎవ్వరికీ చెప్పకు," అని ఒట్టు వేయించుకున్నాను.

అత్తమ్మ ఒప్పుకుంది. "సరే, గట్లనే సూస్త. మాపటికి మల్ల ఇంటికెందుకు, అటుకెల్లి అటే గౌలిగూడల బస్సెక్కుత," అంది. ఆదివారం పొద్దున నేను పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్ది బయటికి వచ్చేసరికి ఆవిడ మేకు మీది మూట దించి చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

మా ఎదురింటి భాయ్‌కి టెంపో ఉండేది. పల్లెల నుంచి మీరాలం మండీకి కూరగాయలు తోలేవాడు. "రండి భాభీ, నేను అటే పోతున్న. ఖాళీ సంచులున్నయి, కూసోండి. అమ్మాజాన్‌కు ముందల సీటు," అన్నాడు. అత్తమ్మ, పాప ముందు. నేను, మా ఆయన, బాబాగాడీ వెనక, ఉల్లిగడ్డ వాసన మధ్య. బతుకమ్మ పండగ అప్పుడే వెళ్లింది. ఊరు దాటాక గుట్టల మీద తంగేడు పూలు ఇంకా ఉన్నాయి. నేను ఆఫీసు సంగతి కాసేపు మరిచిపోయి మా ఆయన భుజానికి ఆనుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక అట్లా బయటికి పోవడం అదే మొదలు.

టెంపో భాయ్ మమ్మల్ని చెరువుకట్ట ఈ కొనకు దించి, అటు కొన దగ్గర మధ్యాహ్నం కలుస్తానని పోయాడు. రాతికట్ట. ఎంత చూసినా అటు కొన కనబడదు. ఒకవైపు లోయ, చెట్లు. ఇంకోవైపు నీళ్లు, ఎక్కడో మసకగా గుట్టలు. అత్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని చూస్తూ నిలబడింది. "గిన్ని నీళ్లుంటయారా!" అంది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

పాపను బండిలో కూర్చోబెట్టి బయలుదేరామో లేదో, అది ఆకాశం దద్దరిల్లేట్టు ఏడుపు మొదలుపెట్టింది. కట్ట మీద పరిచిన రాళ్లకు చక్రాలు గడగడలాడుతుంటే దానికి భయం. నేను సముదాయించాను, మా ఆయన ఈల వేశాడు. లాభం లేదు. అత్తమ్మ చేతులు చాచగానే ఏడుపు ఆగిపోయింది. ఆవిడ చంక ఎక్కి, మా ఇద్దరినీ ఎవరో అన్నట్టు చూసింది.

"ఇప్పుడు బండి ఖాళీ అయింది," అన్నాను.

"ఖాళీ బండి నూకొద్దు," అంది అత్తమ్మ. పాపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తన మూట తీసి బండిలో కూర్చోబెట్టింది. గాలికి మూట ముడి కొసలు చెవుల్లా ఊగుతున్నాయి. "ఆ, ఇగ నడువు."

చూశారా నా ఖర్మ! ఏ మూటను చూస్తే నా ఒళ్లు మండిపోయేదో, ఆ మూటను నవాబుగారి బండిలో కూర్చోబెట్టి నేనే తోసుకుంటూ పోవాలి. ఎదురొచ్చిన వాళ్లు బండిలోకి తొంగి చూసి, నన్ను చూసి, నవ్వాపుకుంటూ పోయారు. "మీ పెద్దబిడ్డ మంచిగ కూసుంది," అన్నాడు మా ఆయన. "నోర్ముయ్," అన్నాను. అత్తమ్మ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వితే పాప నవ్వింది. పాప నవ్వితే నేను ఎట్లా ఊరుకుంటాను? కోపంలోనే నవ్వాను.

కొంత దూరం పోయాక ఒక చక్రం పిన్ను ఊడి కట్ట కిందికి దొర్లిపోయింది. మా ఆయన సంబరంగా చొక్కా చేతులు మడిచాడు. ఏదైనా చెడిపోతే ఆయనకు పండగే. అత్తమ్మ తన కొప్పులోంచి ఇనుప పిన్ను తీసి ఇచ్చింది. దాన్ని వంచి, తొడిగి, రాయితో కొట్టి, "మస్తు కుదిరింది. దీనికి అదే ఉండాలెనని ఏం లేదు. పని నడిస్తే చాలు," అన్నాడు. ఆయన సిద్ధాంతమే అది. ఆ రోజు దాని సంగతి ఇంకా ముందుంది.

కట్ట మధ్యలో నీళ్ల దాకా మెట్లున్నాయి. కిందికి దిగి డబ్బాలు విప్పాం. తిన్నాక నేను మరచెంబు కడిగి, నాలుగు మెట్లు దిగి, మంచి తేట నీళ్లు ముంచి తెచ్చాను. "తాగుండ్రి అత్తమ్మా. సల్లగున్నయి," అన్నాను.

ఆవిడ చెంబు ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుంది. "తియ్యగున్నయి," అంది. పాప పెదవులకు కూడా రెండు చుక్కలు అద్దింది.

నాకు ఆనందం ఆగలేదు. మెట్ల పైన ఒకామె మక్క కంకులు కాలుస్తూ కూర్చుంది. కంకులు కొనే నెపంతో ఆమె దగ్గరికి పోయి, లోపల దాచుకోలేక, "మా అత్తమ్మ గండిపేట నీళ్లు తాగింది. ఇగ మా పట్నం ఇడిసిపోదు," అని చెప్పుకున్నాను.

ఆమె విసనకర్ర ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "గండిపేట ఏడిదక్కా? గది గా పక్కుంది. గిది హిమాయత్‌సాగరు."

నేను గిర్రున వెనక్కి తిరిగాను. వెంటే మెట్లెక్కి వచ్చిన మా ఆయన నన్ను చూడకుండా కంకి వలుస్తున్నట్టు నటించాడు. ఆయన చేతిలో కంకే లేదు.

"నీకెరుకేనా?"

"అది గాదే... భాయ్ ఇటే వస్తుండె. గండిపేటకు పోవాలంటే రెండు బస్సులు మారాలె, బాబాగాడీతోని యాడ ఎక్కుతం? నీళ్లు నీళ్లే గదా అని..."

"నీళ్లు నీళ్లేనా?" నా గొంతు నీళ్ల మీదికి పోయి తిరిగి వచ్చింది. "పిన్నుకు బదులు పిన్ను పెట్టినట్టా? నీకేం తెలుసు! రెండు రోజుల సంది గిదే ఆలోచన చేసిన! ఆమె పోతే నా నౌకరి పోతది, నా బిడ్డ రంది పెట్టుకుంటది, ఇల్లు ఇల్లులెక్కుండది. ఆ ఆముదం ఎవరు రాస్తరు, నువ్వు రాస్తవా? అడుగుదామంటే నాకు నోరు రాకపాయె. గీ నీళ్లన్న తాగితే ఆగుతదేమో, మాతోనే ఉంటదేమో అని గదా గండిపేటకు తీస్కపొమ్మన్న! గది గూడ సక్కగ చెయ్యరాదా నీకు?"

అంతా అనేశాకే, నేను ఎక్కడున్నానో గుర్తొచ్చింది. అత్తమ్మ కింది మెట్టు మీద, పాపను ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తోంది. కంకులామె విసనకర్ర ఊపడం మరిచిపోయింది. భూమి చీలితే బాగుండు అనిపించింది. ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చాను.

మా ఆయన మెల్లగా, "అయినా మనింటి నల్లాల వచ్చేవి గీ సాగర్ నీళ్లే. అవ్వ వచ్చిన కాన్నించి గవే తాగుతుంది," అన్నాడు, తప్పు దిద్దుకుంటున్నట్టు.

"మరి పోతనే ఉన్నది గదా!" అని మళ్లీ ఏడ్చాను.

అత్తమ్మ లేచి పైకి వచ్చింది. చెంబులో మిగిలిన నీళ్లు నా చేతిలో పోసి, "మొకం కడుక్కో," అంది. అంతే. ఉంటానని గానీ, పోతానని గానీ ఒక్క మాట అనలేదు. మిగతా కట్టంతా పాపను ఎత్తుకుని ముందు నడిచింది. వెనక నేను, మూట. ఆవిడ బర్రెల మాట కూడా ఎత్తకపోతే నాకు భయమేసింది. కోపం వచ్చిందేమో, నలుగురిలో తన పేరు తీసి లొల్లి చేశానని మనసు కష్టపడిందేమో అని దారంతా కుమిలిపోయాను.

భాయ్ మమ్మల్ని అఫ్జల్‌గంజ్‌లో దించి మండీకి పోయాడు. అక్కడి నుంచి గౌలిగూడ బస్టాండు దాకా జనంలోంచి బండి తోసుకుంటూ పోయాం. పాప అత్తమ్మ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది. భువనగిరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు తలుపు దగ్గర నిలబడి కేకలేస్తున్నాడు. మా ఆయన బండిలోకి వంగి మూట అందుకోబోయాడు. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

"ఆగురా," అంది అత్తమ్మ. "మూట తీస్తే బండి ఖాళీ అయితది. ఖాళీ బండి ఇంటిదాక ఎట్ల నూకుతరు?"

"పాపను పండవెడ్తం అవ్వా."

"పండుకున్న పిల్లను కదిలిస్తరా? తెలివి లేదు. లేస్తే నువ్వు ఊకుంచుతవా?"

మా ఆయన మూట మీద చేయి పెట్టి అట్లాగే వంగి ఉన్నాడు. అత్తమ్మ నా వైపు చూడకుండా కండక్టరు దగ్గరికి పోయింది. అతను వాళ్ల ఊరివాడే.

"బిడ్డా, మా చెల్లెకు చెప్పు. బర్లను అదే పెట్టుకోమను. నేను గండిపేట నీళ్లు తాగిన, రాను."

బస్సు వెళ్లిపోయింది. "ఏం సూస్తున్నవే, నడువు. రేపు నీకు ఆఫీసు లేదా?" అంది. నేను బండిని ఇంటి వైపు తిప్పాను.